ఊడని ముడి

మా ఆయన సాంచలు విడిచిపెట్టి చెట్లు కాయబోతున్నడని తెలిసిననాడు మా చాల్‌ల ఒంటిగది ఇండ్లల్ల నవ్వనోళ్లు లేరు. నవ్వితే నవ్విన్రు, వాళ్ల తప్పేం లేదు. బొంబాయి పక్కన ఈ భివండీల మా తెలుగు దిక్కు మనిషికి పని అంటే సాంచా, కరెంటు మగ్గం, నడుపుడే. మా మామ ఊరు విడిచి వచ్చి అదే పని చేసిండు. మా ఆయన మీసాలు రాకముందే అందులనే దిగిండు. నిజాంపురాల ఒక కార్ఖానాల పగటి పాళీ, రాత్రి పాళీ నడిపి నడిపి చెవులు సగం పోగొట్టుకున్నడు. సాంచల మోతల మనిషి మాట వినబడదు. అందుకే వాళ్లంత ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టుకుంటరు. ఇంటికొచ్చినా అదే అలవాటు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మాట్లాడితే, "కొంగు తియ్యే, నాకు లైటు పోయినట్టయితది" అనేటోడు.

చెవుల సంగతి మేం పట్టించుకోలేదు. ఊపిరి కూడ తక్కువవుతుంటే మాత్రం భయపడ్డం. దూది దుమ్ము ఛాతిల ఎన్నేండ్లుగా పేరుకుందో ఏమో, మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కేది. డాక్టరు రాసిన చీటీ కింద పెట్టి, ఆ దుమ్ముల మళ్ల అడుగు పెట్టేదుంటే నా దగ్గరికి రావద్దు, నా మందు దండగ అన్నడు. మా ఆయన బయటికొచ్చి చాలాసేపు చెప్పులు తొడుక్కోకుండ నిలబడ్డడు. సాంచా తప్ప ఇంకోటి రాని మనిషికి సాంచా వద్దంటే ఏం మిగిలినట్టు?

అప్పుడు దేవుడు కాకాను పంపిండు. నేనైతే గట్లనే అనుకుంట. వరాలా తలావ్ కాడ మా ఒంటిగది ఖోలీకి ఎన్నో ఏండ్లు పాలు పోసిన మరాఠీ ముసలాయన ఆయన. అందరు కాకా అనే పిలిచేది. ఊరు దాటినంక వాడా రోడ్డుకు ఆనుకొని ఆయనకొక ఏటవాలు చెలక ఉన్నది. ఆ ఏడు వానలకు అందుల చెట్లు నాటిండు. నాటినంక మోకాళ్లు మొరాయించినయి. కొడుకులు పూర్ణ అనే ఊర్ల గోదాములకు పనికి పోతరు, చెలక మొఖం చూడరు. ఒకనాడు పాలు పోసుకుంట మా ఆయన దగ్గు విన్నడు. మర్నాడొచ్చి చెప్పిండు: చెట్ల నడుమ జాగ మీది, ఏం పండించుకున్నా మీదే. చెట్లు నావి. వాటిని పెంచి ఇస్తే చాలు. ఉండేటందుకు రేకుల షెడ్డు ఉన్నది, బావి ఉన్నది.

నేను బడి మొఖం చూసినదాన్ని కాదు. మా నాయన కండెలు చుట్టుకుంటనే పలక మీద నాకు అక్షరాలు దిద్దించిండు, ఆ పుణ్యాన ఇవాళ ఇది రాయగలుగుతున్న. ఆ దినం కాకా వెళ్లినంక దేవుని పటం ముందు దీపం పెట్టి ఒక్కటే మొక్కుకున్న. నా మనిషికి గాలి దొరికింది, ఆ గాలిని కాపాడు తండ్రీ అని.

మొదటిసారి చెలక చూసి మా ఆయన మొఖం మాడ్చిండు. నాకు తెలుసు ఎందుకో. సాంచా మీద పోగు పక్కన పోగు ఉండాలె. ఒక్క పోగు తెగి సందు కనబడితే సాంచా ఆపి అతుకుతరు, లేకుంటే గుడ్డ ఖరాబు. ఇక్కడేమో ఒక మొక్కకు ఇంకో మొక్కకు నడుమ ఎద్దుల బండి మలుపుకోవచ్చు. అది చాలదన్నట్టు ఒక వరుసల ఒక్క తీరు చెట్లు లేవు. టేకు, దాని పక్కన నల్లమద్ది, అవతల గుమ్మడిటేకు, ఆడొకటి ఈడొకటి ఏగిస. "గిదేం నేతనే?" అన్నడు నాతోని, మెల్లగ అన్ననని ఆయన అనుకున్నడు. బావి గట్టు మీది కొంగలు లేచిపోయినయి.

కాకా నవ్విండు. ఆయన మీసాలు గుబురు, నోట్ల ఎప్పుడు తమలపాకు. మా ఆయనకు ఆ పెదవులు చదవరాకపాయె. కాకా చెప్పింది నేను విని, మా ఆయన దిక్కు తిరిగి, పెదవులు తిప్పి తిప్పి చెప్పాలె. అప్పటి నుంచి వాళ్లిద్దరి నడుమ వకీలును నేనే.

కాకా చెప్పింది గిది. పక్క ఊర్ల ఒకాయన టేకు మొక్కలు దగ్గర దగ్గర నాటిండు. అన్నీ వెలుతురు కోసం ఒకదాని మీద ఒకటి ఎగబడి సన్నగ వెదురు బొంగుల తీరు పెరిగినయి. తలకాయలు పెద్దగ, నడుములు పీలగ. కాకాకు దూలానికి పనికొచ్చే చెట్టు కావాలె. దానికి పక్కలకు జాగ ఉండాలె, నెత్తి మీద ఎండ ఉండాలె. ఇగ రకరకాలు ఎందుకంటే, టేకు ఆకు పురుగు వచ్చిన ఏడు ఆ పురుగు నల్లమద్దిని ముట్టదు. ఒకటి ఓడినా ఇంకోటి నిలబడుతది. వేర్లు కూడ ఒక్క లోతుల కొట్లాడుకోవు. అంతా చెప్పి చివరికి, "నేను కోసుకునేందుకు పెడ్తలేను. ఎవడో కోసుకుంటడు, వాని ఇంటికి దూలమైతది" అన్నడు. ఆ మాట మా ఆయనకు రెండుసార్లు చెప్పిన. ఎవడో ఒకడు అని అంత తేలికగ అనగలిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

జాగ ఎక్కువున్న చెట్టుకు ఒక జబ్బు ఉంటదని తర్వాత తెలిసింది. పక్కన ఒత్తిడి లేదు కాబట్టి కిందికెల్లి కొమ్మలు పెడుతది, పొట్టిగ గొడుగు తీరు అయితది. అట్లయితే దూలం రాదు, పొయ్యిల కట్టె వస్తది. అందుకే చలికాలంల కింది కొమ్మలు తియ్యాలె. అది కూడ బొటనవేలంత ఉన్నప్పుడే, చెయ్యంత లావు అయినంక కాదు. కొమ్మ చెట్టును పట్టుకున్న కాడ ఒక ఉబ్బు ఉంటది. దాన్ని గాయం చెయ్యకుండ, మొద్దు మిగలకుండ కొయ్యాలె. పైన తలకాయ నిండుగ వదలాలె, ఆశకు పోయి చెట్టును బోడి చెయ్యొద్దు. కాకా రంపం పట్టి ఒక్కటి కోసి చూపించిండు. రెండోది మా ఆయన కోసిండు. మూడో దానికి కాకా గట్టు మీద కూలబడి సున్నం డబ్బీ తీసిండు, ఇగ చూసే పని లేదని.

నేను చూసి మురిసిపోయేది మా ఆయన కన్ను. వేల పోగుల నడుమ తెగిన ఒక్క పోగును పట్టే కన్ను అది. చెలకల అడుగు పెడుతనే ఏ మొక్క వంగింది, ఏ ఆకు కింద పురుగు గుడ్లు పెట్టింది, ఏది రెండు కొసలు వేసి ఎటు పోదునా అని ఆలోచిస్తున్నది, అన్నీ పట్టేటోడు. రెండు కొసలుంటే బలమైనది ఉంచి రెండోది గిల్లేటోడు. వానకాలం నడుమ పురుగు టేకు ఆకులను జల్లెడ చేసినప్పుడు నేను ఏడ్పు మొఖం పెడితే, "ఉండు, మళ్ల ఆకు పెడుతది. గిన్ని తీర్లు ఎందుకు పెట్టిండో ఇప్పుడు సమజైంది" అన్నడు. మేం నడుమ కంది వేసినం, అల్లం, పసుపు పెట్టినం. చెట్ల మొదట్ల గడ్డి ఎప్పటికప్పుడు తీసినం. చలికాలం రాంగనే చెలక చుట్టు గడ్డి చెక్కి బాట తీసినం. ఇక్కడోళ్లు ఎండాకాలంల వరి నారుమళ్లల్ల ఆకు అలములు కాలుస్తరు. ఆ మంట ఎండుగడ్డిని పట్టుకుంటే చెలక అంత పోతది.

ఆయన దగ్గు ఎప్పుడు తగ్గిందో నాకు తెల్వదు. ఒకనాడు పొద్దుగాల బావి కాడ నీళ్లు తోడుతుంటే ఆయన గట్టు ఎక్కి దిగి మళ్ల ఎక్కుతున్నడు, ఆగకుండ. నేను చేద అట్లనే పట్టుకొని చూసిన. ఆ చూసింది దేవునికి చెప్పుకున్న గాని ఆయనకు చెప్పలేదు. చెప్తే దిష్టి.

ఇగ అసలు సంగతి.

మేం వచ్చిన మొదటి వానకాలంలనే పడమటి గాలి మస్తు కొట్టింది. చుట్టు అడ్డం లేదు, మొక్కలు మనిషెత్తు కూడ కాలేదు, పొద్దంత ఊగి ఊగి మొదలు కాడ మట్టి వదులైంది. వెదురు బొంగులు పాతి కట్టాలె అన్నడు కాకా. ఆయన లెక్కల కట్టుడంటే అడవి తీగ తోని, గడ్డి తాడు తోని. మా ఆయన నవ్వి, తాళ్ల కోసం నన్ను అడుగుతున్నవా కాకా అని, నిజాంపురా పోయి పాత కార్ఖానాల మిగిలిన నూలు ఒక సంచి తెచ్చిండు. పాలిస్టర్ నూలు. తెల్లగ, సన్నగ, మెరుస్తుండె. నాలుగు పేటలు పురిపెట్టి ప్రతి మొక్కకు కట్టిండు, మా నేతోళ్ల ముడి వేసిండు. ఆ ముడికి తోకలుండవు, జారదు, సాంచా ఎంత గుంజినా ఊడదు. ఆ వేళ్లు ముడి వేస్తుంటే చూడాలె. కండ్లు ఎటో ఉంటయి, ముడి పడిపోతది. కాకా ఒక ముడి గుంజి చూసి "పక్కా" అన్నడు. ఆ ఒక్క మాట మాత్రం మా ఆయన నా సాయం లేకుండనే చదువుకున్నడు.

మొక్కలు నిలబడ్డయి. రెండు వానలు పోయేసరికి వెదురు బొంగులు చెదలు పట్టి రాలిపోయినయి. దారం మాత్రం చెట్టు నడుముకు మొలతాడు తీరు ఉండిపోయింది. కంది చేను ఎత్తు పెరిగి దాన్ని కప్పేసింది. కంది కోసినప్పుడు ఎక్కడన్న కనబడితే మాకు ముద్దనిపించేది, నిజంగ మొలతాడే, పసిపిల్లలకు కట్టినట్టు.

మూడో వానలు వెనక్కిపోయే ముందు ఒక సాయంత్రం ఉరుములతోని గాలి వచ్చింది. మరీ పెద్దదేం కాదు, రేకులు కూడ లేవలేదు. తెల్లారి చూస్తే చెలకల చెట్లు విరిగి పడున్నయి. వేర్లతోని లేచినయి కావు. ప్రతిదీ నడుము కాడ, ఒక్క ఎత్తుల, కత్తితోని కోసినట్టు. ఎవలో పగ తోని నరికిన్రేమో అనుకున్న నేను. మా ఆయన ఒక మొదలు కాడ కూసుండి విరిగిన కాడ వేలు పెట్టి చూసిండు. చెక్క లోపలికెల్లి ఒక తెల్లటి వలయం బయటికి తీసిండు. అదే నూలు. మురగలేదు, మాయలేదు, మెరుపు కూడ పోలేదు. చెట్టు లావవుతుంటే అది వదలలేదు. బెరడు దాన్ని మింగి పైకెల్లి మూసుకున్నది. లోపల గొంతు పిసుకుతనే ఉన్నది.

విరగని చెట్ల కాడికి పోయినం. వేళ్లతోని తడిమితే అన్నిటికీ నడుము కాడ ఉంగరం తీరు వాపు తగిలింది.

ఆయన విరిగిన టేకు పక్కన కూసున్నడు. నేను మాట్లాడినా చూసేటట్టు లేడు. తనకు తానే అన్నడు:

"నా ముడి ఎన్నడన్న ఊడిందానే? ఊడలేదు. గదే ఖరాబు చేసింది."

మళ్ల, "పిల్లగాడు పెరిగితే మొలతాడు మారుస్తం. వీటికి ఎవరు మార్చిన్రు?"

నేను భయపడ్డది చెట్ల కోసం ఒక్కటే కాదు. కాకా పెద్ద కొడుకు ఏడాదికెల్లి అడుగుతున్నడు, రోడ్డుకు ఆనుకున్న జాగ, గోదాం కట్టేటోళ్లకు ఇద్దామని. చెట్లు నిలబడ్డంత కాలం ఇయ్య అని కాకా మాట. ఇప్పుడు చెట్లే పడ్డయి. చెలక పోతే షెడ్డు పోతది, షెడ్డు పోతే మేం మళ్ల ఖోలీకి, ఆయన మళ్ల ఆ దుమ్ములకు. అంతకుముందు వారమే ఆయన పాత దోస్తు ఫోన్ చేసి కార్ఖానాల మనిషి తక్కువున్నడు, వస్తవా అని అడిగిండు. ఫోన్ల మా ఆయనకు మాట అందదు, నేనే విన్న. విని దాచుకున్న.

ఆయన మొఖం కడుక్కొని, ఆ తెల్ల వలయం అంగీ జేబుల వేసుకొని, పా అన్నడు. కాకా ఇంటికి పోయినం. పెద్ద కొడుకు అరుగు మీద ఫోన్ చూసుకుంట ఉన్నడు. మా ఆయన జేబుల నుంచి వలయం తీసి కాకా అరచేతిల పెట్టిండు. తనకొచ్చిన బజారు హిందీల, లోపల ధైర్యం లేకున్నా గట్టి గొంతుతోని చెప్పిండు: చెట్లను గాలి విరగ్గొట్టలేదు, నేను కట్టిన దారం విరగ్గొట్టింది, ఉన్నవాటికి కూడ అదే ఉన్నది అని. వాడకట్టంత వినబడ్డది. ఎదురింటి ఆమె చాట పట్టుకొని గడపలకు వచ్చింది.

గాలి వచ్చింది, చెట్లు పోయినయి అంటే అయిపోయేది. ఎవలూ అడుగకపోదురు. ఆ అరుగు ముందు నిలబడి నేను నా మనిషిని చూసి అనుకున్న, ఈయనతోని బతుకు పంచుకున్న, ఇంకేం కావాలె అని.

కాకా వలయాన్ని గుంజి చూసిండు. తెగలేదు. ఆకు నములుకుంట ఏదో అన్నడు. నేను మా ఆయన దిక్కు తిరిగి చెప్పిన: "ఆనాడు గుంజి చూసి పక్కా అన్నది నేనే కదా అంటున్నడు."

పెద్ద కొడుకు ఫోన్ పక్కన పెట్టిండు. చెడ్డవాడు కాదు, పొద్దంత గోదాంల డబ్బాలు ఎత్తే మనిషి, ఆయన అలసట ఆయనది. దేవుడే దారి సాఫు చేసిండు బాబా, మిగిలినవి కూడ కొట్టేద్దాం, ఆ పార్టీ ఇంకా అడుగుతనే ఉన్నది అన్నడు. కాకా గోడకు ఆనిన కర్ర తీసుకొని నేల మీద గీత గీసిండు.

"నరికితే చచ్చేది పైనే. వేరు ఉన్నది కదా. వచ్చే ఏటి వానలు పడనియ్యి. మొద్దులకు చిగురు రాకపోతే జాగ నీది, నీ ఇష్టం. వస్తే మళ్ల ఈ మాట నా ముందు తేవొద్దు."

కొడుకు సరే అన్నడు. మాట మాటే అన్నడు. ఆ మాట కూడ నేను మా ఆయనకు చెప్పిన, ఒక్కటి కూడ మింగకుండ. ఆయన తల ఊపిండు. తిరిగొచ్చే బాటల దోస్తు ఫోన్ సంగతి కూడ చెప్పిన. "వానలు చూసినంక చెప్త అను" అన్నడు.

ఆ చలికాలం, ఆ ఎండాకాలం ఆయన చేసిన పని చూసి నేను ఇంకో మనిషిని పెండ్లాడిననా అనుకున్న. సాంచా మీద పోగు కత్తిరించే చిన్న కత్తెర ఉంటది, వేళ్ల నడుమ ఇమిడేటంత. అది పట్టుకొని ఒక్కొక్క చెట్టు కాడ మోకాళ్ల మీద కూసునేటోడు. వాపు పైకెల్లి మొన దూర్చి, బెరడు చీరుకుపోకుండ, నిలువుగ ఒక్క గాటు పెట్టి దారం తెంపేటోడు. దారం తెగినప్పుడు చిన్న చప్పుడైతది, టప్ అని. ఆ చప్పుడు ఆయనకు వినబడదు, వేలికి తెలుస్తది. నా దిక్కు చూసి తల ఊపేటోడు, తెగింది అని. పైపైనున్న చెట్లకు అది చాలింది. లోతుకు దిగినవాటికి దారం తియ్యబోతే చెట్టే చీలుతుండె. వాటి మీద కాకాను అడిగితే, ఇప్పుడు ముట్టొద్దు, ఎండలు ముదిరినంక నేల మట్టానికి కొయ్యి అన్నడు. ఇప్పుడు కోస్తే చిగురుకు నీళ్లు ఏడికెల్లి వస్తయి, వాన ముంగట కోస్తే వేరు దాచుకున్న బలం అంత వానతోని పైకి వస్తది.

నడుమ మా చాల్ దోస్తులు ఒకరోజు చూడనీకి వచ్చిన్రు. కత్తెరతోని చెట్టు కాడ కూసున్న మా ఆయనను చూసి ఒకాయన, "ఏందన్నా, చెట్టుకు కటింగ్ చేస్తున్నవా, గడ్డం కూడ గీస్తవా?" అన్నడు. మా ఆయన పెదవులు చూసి పట్టుకొని, "నీకు గీస్త రా, ఇదే కత్తెర" అన్నడు. అందరం నవ్వినం. ఎన్ని నెలలకో నవ్వినం. వాళ్లు పోయే ముందు, ఆనాడు ఫోన్ చేసిన దోస్తు నన్ను పక్కకు పిలిచి, వదినా, వానల దాకా ఆ పనిల ఇంకోన్ని పెట్టకుండ కార్ఖానా సేటును ఆపుతున్న అన్నడు. ఆయన మేలు కోరే అన్నడు. నేను మాత్రం పోయి చెట్ల కాడ తెగిన దారం ముక్కలు ఏరుకుంట కూసున్న.

ఎండలు ముదిరినంక రంపం తీసిండు. మూడేండ్లు చేత్తోని పెంచిన చెట్టును నేల మట్టానికి కొయ్యాలె. మొదటి చెట్టు కాడ రంపం పెట్టి ఆగిండు. నేను పోయి అవతలి పక్క చెట్టును పట్టుకున్న, వాలకుండ. ఇద్దరం కలిసి అవి, గాలికి విరిగినవాటి మొదళ్లు, అన్నీ కోసినం. నీళ్లు నిలువకుండ మొద్దును ఏటవాలుగ చెక్కిండు. కోసిన కాడ నేను మా పసుపే నూరి పూసిన. కాకా పేడ పుయ్యమన్నడు, అది కూడ పూసిన. మా ఆయన చూసి, "చెట్లకు పెండ్లి చేస్తున్నవా?" అన్నడు. చేస్తే చేసిన, గాయానికి పసుపు పెట్టకుండ నా చెయ్యి ఊరుకోదు. ఒక్కొక్క మొద్దు కాడ ఒక్కొక్క దేవుని పేరు తలుచుకున్న. దేవుళ్లు అయిపోతే మళ్ల మొదటికెల్లి మొదలుపెట్టిన.

వాన వచ్చింది. ఆ వాన తడిని మట్టి తాగిన వాసనకు కూడ నాకు ఆ ఏడు సంతోషం రాలేదు. గడ్డి లేచింది, కంది లేచింది, పిలవని పిచ్చి మొక్కలన్నీ లేచినయి. మొద్దులు నల్లగ తడిసి అట్లనే ఉన్నయి. మా ఆయన ఆ దిక్కు పోవుడు బంద్ చేసిండు. బావి పక్క పని, గట్టు పని, అన్నీ ఆ దిక్కు వీపు పెట్టి చేసేటోడు. నేనే పొద్దున్నే పోయి చూసి వచ్చేదాన్ని. తిరిగొచ్చినప్పుడు ఆయన నా మొఖం చూసేటోడు. నేను పెదవి కదిలించకుండనే ఆయనకు మాట అందేది.

ఒక పొద్దున మబ్బు కొంచెం విచ్చుకున్నది. గుమ్మడిటేకు మొద్దు పక్కన, బెరడుకు మట్టికి నడుమ, మినుము గింజంత ఆకుపచ్చ కనబడ్డది. గడ్డేమో అనుకొని వేలు పెట్టి చూసిన. గడ్డి కాదు. ఆ పక్క మొద్దు చూసిన, ఇంకో మొద్దు చూసిన. ఉరుకుడు నాకు ఈ వయసుల పడదు, అయినా ఉరికిన. ఆయన బావి కాడ పార కడుగుతున్నడు. నేను ఊపిరి అందక మాట రాక ఎదురుగ నిలబడ్డ. ఆయన నా నోటి దిక్కు చూసి, ఏం చూసిండో, పార అక్కడనే వదిలి నడిచిండు.

గుమ్మడిటేకు ముందు వచ్చింది, దాని వెనక నల్లమద్ది, ఆ తర్వాత టేకు. టేకు చిగురు ఎర్రగ, పసిపిల్ల చెవి తమ్మె తీరు వస్తది. ఏగిసలు మాత్రం రాలేదు. ఎన్ని దినాలు చూసినా రాలేదు, లోపలే ఎండిపోయినయి. మా ఆయన ఇప్పటికీ ఆ మొద్దుల కాడ కాసేపు ఆగుతడు. పోయిన ప్రాణం పోయిందే అంటడు.

చిగుర్లు మూరెడు ఎత్తు అయినంక కాకా వచ్చిండు. కర్ర ఒక చేత, కొడుకు భుజం ఒక చేత. ఒక్కొక్క మొద్దు చుట్టు గంపెడు కొమ్మలు లేచి ఉన్నయి. కొడుకు వాన కోటు టోపీ వెనక్కి తీసి చెలకంత చూసిండు. మళ్ల చెట్టయ్యేసరికి ఎన్నేండ్లు పడుతది బాబా అన్నడు, వాదానికి కాదు, ఉత్తగనే.

కాకా అన్నడు, "ఏం, నీకు ఏండ్లు తక్కువున్నయా?"

కొడుకు నవ్విండు, తల దించుకున్నడు. గోదాం మాట మళ్ల తియ్యలేదు. కాకా అన్నది మా ఆయనకు చెప్పేటందుకు నేను తిరిగిన, గని ఆయన అప్పటికే కాకా మీసాల దిక్కు చూసి నవ్వుతున్నడు. ఎప్పుడు నేర్చుకున్నడో ఆ పెదవులు చదువుడు, నాకు తెల్వదు.

గంపెడు కొమ్మలు ఉంచితే పొద అయితది, చెట్టు కాదు. ఒక్కటే ఉంచి మిగతావి విరిచెయ్యాలె. ఏది ఉంచుడో చెప్పమని మా ఆయన కాకాను అడిగిండు. కాకా కర్ర ఎత్తి, నాకు కాదు, నీకే కనబడుతది అన్నట్టు ఆయన దిక్కే చూపించిండు. మా ఆయన మొదటి టేకు కాడ కూసున్నడు. మట్టికి దగ్గరగ పుట్టినది, నిటారుగ ఉన్నది, గాలి వచ్చే దిక్కున ఉన్నది ఒకటి పట్టుకొని, మిగతావి ఒక్కొక్కటి కిందికి వంచి విరిచి నా చేతికిచ్చిండు. లేత టేకాకు నలిగితే ఎర్రటి రసం వస్తది. అట్ల ఒక మొద్దు నుంచి ఇంకో మొద్దుకు పోతుంటే నా ఒడి నిండింది, రెండు చేతులు ఎర్రగైనయి. కాకా, కొడుకు గట్టు మీద కూసొని చూస్తున్నరు.

ఆ సాయంత్రం దోస్తుకు ఫోన్ చేసిన. అన్నా, సేటుకు చెప్పు, ఇంకోన్ని పెట్టుకోమని, మా ఆయన రాడు అన్న. సబ్బు పెట్టి కడిగినా చేతుల ఎరుపు పోలేదు. ఆ చేతులతోనే దీపం పెట్టి, దండం పెట్టుకొని, ఆయనకు అన్నం వడ్డించిన.